గోడ జరిపాక

పోయిన వారం సుడిని పిన్ని ఇంటి మెట్ల మీద వదిలేసి వచ్చాం. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో తడి గొడుగు, తలుపు తట్టాలా వద్దా అన్న మీమాంస. వారం నుంచీ పాపం అలాగే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, దారి తప్పి ఈ వారమే ఇటు వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పాత పాఠకులు ఈలోగా టీ పెట్టుకోవచ్చు.

సుడి అన్నది ముద్దుపేరు. నెత్తిన రెండు సుళ్ళతో పుట్టిందని పిన్ని పెట్టింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా, డాక్టరేటు వచ్చినా ఆ పేరు వదల్లేదు. నక్షత్రాలు పుట్టే చోట వీచే గాలుల మీద పరిశోధన చేయడం ఆమె ఉద్యోగం. ఆ విద్యకు పునాది వేసిన కొద్దిమందిలో పిన్ని ఒకరు కాబట్టి, సుడి చేస్తున్నది ఒక రకంగా ఇంటి పనే.

అప్పుడే పుడుతున్న నక్షత్రం చుట్టూ పళ్ళెంలా పరుచుకున్న వాయువు తిరుగుతూ ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ అది లోపలికి చేరదు. ఆ తిరుగుడును ఎవరో ఒకరు మోసుకుపోతే తప్ప మిగిలిన వాయువు నక్షత్రంలో కలవదు. ఆ మోత పని అయస్కాంత గీతలది. అవి పళ్ళెంలో నాటుకుని దానితోపాటు తిరుగుతాయి. తడిసిన గొడుగును గిరగిరా తిప్పితే చినుకులు ఎగిరిపోయినట్టు వాటి వెంట కొంత వాయువు పైకి ఎగిరిపోతుంది. అది నలువైపులా విచ్చుకుంటే గాలి. విచ్చుకోకుండా సన్నగా, నిటారుగా, ఊహకు అందనంత దూరం సాగితే ఆఫీసులో అందరూ జెట్ అంటారు. పిన్ని మాత్రం ధార అంటుంది.

ధార ఎందుకు విచ్చుకోదు అన్నది అందరి తలనొప్పి. ఇరవై ఏడేళ్ళ కిందట పిన్ని దానికి మందు కనిపెట్టింది. పళ్ళెం లోపలి అంచు ఎంత వెడల్పో అంతకు నలభై రెట్ల ఎత్తుకు వెళ్ళేసరికి గీతలు తమంతట తామే మెలిపడి వాయువును బిగించి నిలబెడతాయని లెక్క కట్టి చూపించింది. ఆ నలభై పాఠ్యపుస్తకాలకెక్కింది. దాని మీద ముప్పైమంది శిష్యులు డాక్టరేట్లు తెచ్చుకున్నారు.

ఆకాశానికి అంచు లేదు. కంప్యూటరుకు ఉంది. అందుకని ఈ లెక్క ఒక పెట్టెలో జరుగుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి పోనిమ్మని పెట్టె గోడకు చెప్పిపెడతారు. పది రోజుల కిందట సుడి ఎందుకో ఆ గోడను రెండింతల దూరం జరిపి చూసింది. వాయువు నలభై దగ్గర ఆగలేదు. ఎనభై దాకా హాయిగా విచ్చుకుంటూ పోయి, కొత్త గోడ దగ్గరవుతుండగా ఒదిగింది. నాలుగింతలు జరిపితే నూట అరవై దగ్గర ఒదిగింది. ఒక్కో లెక్కకు మూడేసి రోజులు పట్టి, సంగతి పూర్తిగా తేలింది నాలుగు రోజుల కిందటే. గోడ పోనిస్తున్నట్టే పోనిచ్చి, లోపలికి చిన్న తోపు తోస్తోందన్నమాట. పిన్ని ధారను నిలబెట్టింది ఆకాశం కాదు, పెట్టె.

ఇవాళ బుధవారం. శుక్రవారం పెద్ద సభ. కొత్త టెలిస్కోపు మొదటి ఏడాది ఎటు చూడాలో ఆ సభలో తేలుస్తారు, ఆ జాబితా అంతా పిన్ని నలభైని నమ్ముకుని రాసిందే. వేదిక ఎక్కి మాట్లాడాల్సింది సుడి. ఉన్నదున్నట్టు చెబితే పిన్ని బతుకంతా చేసిన పని ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోతుంది. చెప్పకపోతే సుడి తన బతుకంతా ఆ అబద్ధం మీదే నిలబడాలి. అదీ సంగతి. ఇక తలుపు తెరుచుకోనిద్దాం.

తలుపు గడియ పెట్టి లేదు. బుధవారాలు ఎప్పుడూ పెట్టి ఉండదు.

"కాళ్ళు తుడుచుకుని రా," వెనక గదిలోంచి పిన్ని గొంతు వినిపించింది. "మెట్ల మీద ఏడు నిమిషాలు నిలబడ్డావు. సభ అక్కడే మొదలుపెట్టేశారేమో అనుకున్నాను."

"గొడుగు ఆరబెట్టుకుంటున్నా పిన్నీ."

"వానలోనా?"

సుడి వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టింది. పిన్నికి సగం కప్పే. నిండు కప్పు ఇస్తే ఎక్కడి దాకా ఉందో తెలియక ఒలకబోసుకుంటుంది, ఒలికిందని ఒప్పుకోదు. రెండేళ్ళుగా ఆవిడ కళ్ళకు నడిమి చూపు పోయింది. ఏది చూసినా సరిగ్గా మధ్యలో బూడిదరంగు మరక, చుట్టూ అంచులు మాత్రం మిగిలాయి. ఎదుటి మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పుకుంటుంది. కొత్తవాళ్ళు అలిగిందనుకుంటారు.

వెనక గది పొడుగ్గా ఉంటుంది. ఒక గోడంతా బీరువా, ఒక గోడంతా కిటికీ. సన్నటి వానకు తడిసిన మధ్యాహ్నపు వెలుతురు కిటికీ అద్దంలోంచి పాలరంగులో దిగి, బల్లను, పాత కాగితాల కట్టలను, పిన్ని తెల్లజుట్టును ఒకే రంగులో ముంచింది. ఆ గదిలో కూర్చుంటే గంట ఎంతైందో తెలియదు. చిన్నప్పుడు ఈ బల్ల కింద పడుకుని, పైన అమ్మ పెన్సిలు కాగితం మీద జరజరా పాకుతుంటే వింటూ నిద్రపోయిన గుర్తు సుడికి లీలగా ఉంది. ఆ పెన్సిలు ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు లేదు.

"చూపించు," అంది పిన్ని.

వాళ్ళిద్దరి మధ్యా చూపించడం అంటే చెప్పడం. సుడి తెర మీద బొమ్మ ఆడిస్తూ చూసింది చూసినట్టు చెబుతుంది, పిన్ని వేలితో బల్ల మీద దాన్ని గీసుకుంటుంది. అందంగా ఉంది, అద్భుతంగా ఉంది లాంటి మాటలు నిషేధం. ఎంత ఎత్తులో ఎంత వెడల్పు, అంతే.

సుడి మీట నొక్కింది. తెర మీద చీకట్లో పళ్ళెం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చూసినా ఆ మొదటి క్షణాలు ఆమెను లాక్కుపోతాయి. సాదాసీదా అంకెలే, ఆమె రాసిచ్చినవే, అయినా అవి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని లేచినట్టుంటుంది. గీతలు పక్కలకు వాలాయి. వాటి వెంట నీలిరంగు వాయువు పైకి జారింది. తను ఉన్నది కుర్చీలోనో, ఆ గాలిలోనో ఆమెకు కాసేపు తెలియలేదు.

"పది దగ్గర వెడల్పు ఆరు," అంది. "ఇరవై దగ్గర పదకొండు. ఇంకా విచ్చుకుంటోంది. ముప్పై దగ్గర పదిహేడు."

పిన్ని వేలు బల్ల మీద మెల్లగా పైకి, పక్కకు సాగింది.

"ఊఁ. నలభై?"

తెర మీద నలభై వచ్చింది, దాటిపోయింది. నీలి గాలి రెక్కలు చాచుకుంటూ, ఎవరినీ లెక్కచేయకుండా పోతూనే ఉంది. సుడి దాన్ని చూస్తూనే నోరు తెరిచింది.

"నలభై దగ్గర ఒదిగింది పిన్నీ. అక్కడి నుంచి నిటారుగా పోతోంది."

పిన్ని వేలు ఆగింది. బల్ల మీద ఆ చోటనే ఉండిపోయింది. వాన చప్పుడు పెరిగినట్టనిపించింది గానీ పెరగలేదు, గదిలో మిగిలిన చప్పుళ్ళు తగ్గాయి.

"గోడ ఎక్కడ పెట్టావు?"

"రెండింతల దూరంలో. శుక్రవారం ఎవరైనా అడుగుతారని జరిపి చూశాను."

"జరిపినా నలభై దగ్గరే ఒదిగిందా?"

"నలభై దగ్గరే. అంటే, నలభై ఒకటి అనుకో."

"ఆ ఒకటి దేనికే? నమ్మేలా ఉండాలనా?"

సుడి చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది. పిన్ని తల పక్కకు తిప్పి, కంటి కొసలోంచి ఆమెను పూర్తిగా చూసింది.

"అబద్ధం చెబుతున్నావు."

చెప్పడం లేదని అనబోయింది సుడి. మాట సగం దాకా వచ్చి నిలిచిపోయింది. ఏదో తేడాగా ఉంది. ఆమె మెదడు లెక్కల మెదడు. భయం వేసినా లెక్క వెయ్యడం మానదు. తన గొంతు పట్టించిందా? ఆ ఒకటి పట్టించిందా? కాదు, అంతకు ముందే వేలు ఆగిపోయింది. నలభై అన్న మాట వినగానే ఆగింది.

"పిన్నీ, నలభై అని వింటే నువ్వు ఎగిరి గంతెయ్యాలి," అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు. "గోడ జరిపినా నీ లెక్క నిలబడిందని చెప్పాను కదా. సంతోషించాలి. అనుమానం ఎందుకొచ్చింది?"

పిన్ని బల్ల మీంచి వేలు తీసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"గోడ జరిపితే అది నలభై దగ్గర ఉండదని నీకు ముందే తెలిసుంటే తప్ప, అనుమానం రాదు."

"ఎనభై," అంది పిన్ని. "అవునా?"

"ఎనభై."

ముందు సుడికి ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులుగా తిండి సహించక, మోయలేక మోస్తున్న బరువు ఎవరో అందుకుని దించినట్టయింది. ఆ మరుక్షణమే కోపం ముంచుకొచ్చింది. పిన్ని మీద ఆమెకు కోపం రావడం అదే మొదటిసారి. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలియక లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"అచ్చయిన వారం నుంచి."

"ఇరవై ఏడేళ్ళు!"

"లెక్క బాగానే వచ్చు నీకు," అంది పిన్ని. నవ్వుదామని చూసింది గానీ కుదరలేదు. "కనిపెట్టింది నేను కాదు. మీ అమ్మ."

సుడి తల్లి మ్యాపులు గీసే ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడకూ ఆకాశానికీ ఏనాడూ మాటల్లేవు. సుడి ఈ చదువులో చేరతానన్నప్పుడు, గీతలు జాగ్రత్తగా చూసుకో అని మాత్రం అని, వంటగదిలోకి వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఎక్కడ చెడిందంటే, ఏదో పెళ్ళిలో పిలుపు సరిగ్గా లేక అని ఇంట్లో అందరూ చెప్పేవారు. ఏ పెళ్ళో ఎవరూ చెప్పలేకపోయేవారు.

"అప్పట్లో తెర మీద బొమ్మలు ఎక్కడివి?" పిన్ని చెబుతోంది. గొంతు దూరం నుంచి వస్తున్నట్టుంది. "యంత్రంలోంచి అంకెలే వచ్చేవి, ఇంతింత కట్టలు. వాటిని గీతలుగా వెయ్యడానికి నాకు చెయ్యి కుదరదు. అక్క చెయ్యి నిలకడ. ఆఫీసయ్యాక ఇటు వచ్చి ఇదే బల్ల మీద గీసేది. ఒకరోజు పెన్సిలు ఆపి, ఒసేయ్, నువ్వు ఏ నక్షత్రం లెక్క ఇచ్చినా నా గీత కాగితం అంచుకు బెత్తెడు దూరంలోనే వంగుతోంది, నక్షత్రాలన్నీ కూడబలుక్కున్నాయా, అంది."

తల్లి గొంతు అచ్చంగా అలాగే వినిపించి సుడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"గోడ జరిపి చూడమంది. జరిపాను. యంత్రానికి మూడు వారాలు పట్టింది. అంకెలొచ్చాయి, అక్క గీసింది, ఎనభై. సరిగ్గా ఆ వారమే నా నలభై అచ్చయి ఇంటికొచ్చింది."

"సవరణ రాయాల్సింది కదా!"

"రాద్దామనే అనుకున్నా. వచ్చే నెల రాద్దామనుకున్నా. వచ్చే నెలలో ఒక సభ, ఆ పై నెలలో ఇంకోటి. మీ అమ్మ ప్రతి నెలా అడిగేది. రాశావా అనేది, అంతే. ఏడాది అడిగింది. ఒకసారి ఇక్కడ నలుగురు పెద్దలు కూర్చుని ఉండగా అడిగింది." పిన్ని అరచేత్తో బల్లను నిమిరింది. "గీతలు గీసేదానివి గీతలు గీసుకో అక్కా, లెక్కల జోలికి రాకు, అన్నాను. వాళ్ళందరి ముందూ."

సుడి తెర మీద ఆడుతున్న బొమ్మను ఆపేసింది.

"గట్టిగా తిట్టినా బాగుండేది. పెన్సిలు చెక్కి, డబ్బాలో పెట్టి, మూత వేసి వెళ్ళిపోయింది. పారేసి పోలేదు చూడు, చెక్కి మరీ పెట్టింది."

"మరి నన్నెందుకు రానిచ్చావు ఈ పనిలోకి?" సుడి గొంతు లేచింది. "చేరేటప్పుడే ఒక్క మాట చెప్పొచ్చు కదా! నేనేదో పెద్ద నేరం చేసినట్టు నాలుగు రోజులుగా చచ్చిపోతున్నాను!"

"ఎవరో ఒకరు గోడ జరుపుతారని చూశానే. ముప్పైమంది వచ్చారు, పోయారు. నేను పెట్టిన చోటే పెట్టుకున్నారు అందరూ. ఎవరికీ చెయ్యి రాలేదు. జరిపేది నువ్వే అవుతావని ఈ ఏడాదంతా అనుకుంటూనే ఉన్నా." పిన్ని కప్పు పక్కకు జరిపింది. "జరిపాక నాకు అబద్ధం చెబుతావని మాత్రం అనుకోలేదు."

సుడి కోపం అక్కడితో ఆగిపోయింది. నిజాన్ని కప్పిపెట్టడానికి పిన్నికి ఏడాది పట్టింది, తనకు నాలుగు రోజులే పట్టింది, అంతే తేడా. సిగ్గేసింది. ఎదుటి మనిషికి కనబడదు కదా అన్న ధైర్యం కూడా ఆ అబద్ధంలో కలిసుందని తలుచుకుంటే మరీ సిగ్గేసింది.

"బీరువా పైన గొట్టం ఉంటుంది, తియ్యి," అంది పిన్ని.

కుర్చీ ఎక్కి తీసింది. అట్టగొట్టం, దుమ్ము పట్టి బరువుగా ఉంది. మీద తల్లి చేతిరాతతో ఈ ఇంటి చిరునామా.

"వెళ్ళిపోయిన నెలకు పోస్టులో పంపింది. విప్పలేదు. అందులో ఏముందో తెలుసు కదా, ఎనభై బొమ్మ. కళ్ళున్నన్నాళ్ళూ చూడ్డానికి భయపడ్డాను. ఇప్పుడు చూద్దామన్నా కుదరదు." ఆవిడ నిటారుగా కూర్చుంది. "మీ అమ్మ తను గీసిన ప్రతిదాని మీదా తేదీ వేస్తుంది. శుక్రవారం దాన్ని పట్టుకెళ్ళు. తెలియక జరిగిందని చెప్పకు. తెలిసే దాచిపెట్టిందని చెప్పు."

"పిన్నీ..."

"విప్పు ముందు."

మూతకు వేసిన టేపు ఎండిపోయి, వేలు తగలగానే రాలిపోయింది. లోపల నుంచి పల్చటి ట్రేసింగు కాగితం చుట్ట జారింది. విప్పితే ఒకటి కాదు, రెండు. ఒకదాని మూలన 'దగ్గరి గోడ' అని, రెండోదాని మూలన 'దూరపు గోడ' అని చిన్న అక్షరాలు. ఇరవై ఆరేళ్ళ పాతవైనా గీతలు చెక్కుచెదరలేదు. ఎంత ఓపికగా గీసిందో, ఒక్క చోటా చెరిపిన మచ్చ లేదు.

తప్పు చూపించడానికైతే ఒక్క కాగితం చాలు. రెండెందుకు పంపినట్టు? రెండూ ఒకే కొలతతో ఎందుకు గీసినట్టు? సుడికి ఒక్కసారి తట్టింది. మ్యాపులు గీసేవాళ్ళు ఏది కదిలిందో, ఏది కదల్లేదో చూడాలంటే కాగితం మీద కాగితం పెట్టి వెలుగుకేసి చూస్తారు. చిన్నప్పుడు వీధుల మ్యాపులతో అమ్మ ఆ ఆట ఆడించేది.

ఆమె రెండింటినీ కలిపి కిటికీ అద్దానికి ఆనించింది.

వాన వెలుతురు వాటిలోంచి ప్రవహించింది. రెండు గాలులు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఒకటి నలభై దగ్గర లోపలికి వంగి, ఒకటి చేతులు చాచుకుని పోతూ. ఏ గీతా ఏ గీతతోనూ కలవడం లేదు. అద్దం మీద వాన జారుతుంటే వెనక ఆ గీతలన్నీ నిజంగానే మెదులుతున్నట్టున్నాయి. సుడి కాగితం అంచులను సరిచేసింది, మళ్ళీ చూసింది.

సరిగ్గా మధ్యలో ఒక సన్నటి పోగు ఉంది. రెండు కాగితాల మీదా ఉంది. స్కేలు పెట్టి కొట్టిన గీతేమో అనుకుంది ముందు. కానీ స్కేలు గీతకు వణుకుండదు. ఈ పోగు పన్నెండు దగ్గర కాస్త కుడికి వాలి, సర్దుకుని, పైకి నిటారుగా సాగిపోయింది. రెండో కాగితం మీదా పన్నెండు దగ్గరే, అదే వాలు. గోడ రెండింతలు జరిగితే చుట్టూ ఉన్నదంతా కదిలింది. ఇది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. దాని అడుగున తల్లి పెన్సిలుతో రెండే మాటలు రాసింది: ఇది కదల్లేదు.

"ఏముందే?" అంది పిన్ని. తల ఎటు తిప్పినా ఆవిడకు కాగితం అంచులు, కిటికీ చట్రం కనబడుతున్నాయి గానీ సన్నటి గీతలు అందడం లేదు. "అంచులు తెలుస్తున్నాయి. నడుమ ఏముంది?"

"పిన్నీ, నట్టనడుమ అక్షం పక్కన ఉండే నాలుగు వరసల అంకెలు కోసెయ్యమంటావు కదా."

"గోల అది. అక్కడ అంకెలు తైతక్కలాడతాయి. బొమ్మ గీసే ముందే కోసెయ్యాలి. ఇప్పుడా సంగతెందుకు?"

"అమ్మకు ఆ సంగతి చెప్పావా?"

పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. "చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు."

చెప్పలేదు కాబట్టి ఆవిడ కొయ్యలేదు. ఇచ్చిన ప్రతి అంకెనూ గీసింది. శాస్త్రం చదివినవాళ్ళంతా గోల అని కోసి పారేసిన చోటును, కొయ్యాలని తెలియని ఒక్క మనిషి ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టింది. సుడి కూడా తన లెక్కలో ఆ నాలుగు వరసలూ దాచుకోకుండానే పారేసింది, పిన్ని నేర్పిన పద్ధతి ప్రకారమే. మళ్ళీ కట్టి చూడాలంటే మూడు రోజులు కావాలి. సభకు రెండు రోజులే ఉన్నాయి.

"మధ్యలో సన్నటి ధార ఉంది పిన్నీ," అంది. "చుట్టూ ఉన్నది వట్టి గాలే. గోడ ఎటు నెడితే అటు పోయే గాలి. కానీ దాని లోపల నిజం ధార ఒకటుంది. నలభైతో పని లేకుండా, పన్నెండు దగ్గరే నిలబడింది. రెండు కాగితాల మీదా అక్కడే ఉంది. అది గోడ చేసింది కాదు."

పిన్ని ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది. ఆవిడ చెంప మీద వాన నీడలు పాకుతున్నాయి.

"నిజమా?" అంది చివరికి.

"నిజం."

"నన్ను ఓదార్చడానికి కల్పించడం లేదు కదా? ఇందాక నలభై ఒకటి అన్న నోరే కదా ఇది."

సుడి ఒట్టు వేయవచ్చు, ఏడవవచ్చు. అరగంట కిందట చెప్పిన అబద్ధం ఆ రెండింటినీ పనికి రాకుండా చేసింది.

"నా కళ్ళను నేను నమ్మలేను. నీ మాట నమ్మలేను," అంది పిన్ని. కోపంగా కాదు, చాలా అలసటగా అంది. "గీసినదాన్ని అడుగు. నేను వినేలా పెట్టు. నువ్వు మాత్రం ఏమీ అందించకు."

ప్రతి బుధవారం సుడి బయలుదేరేటప్పుడు తల్లి ఒక ప్రశ్న అడుగుతుంది. వాళ్ళింట్లో వెలుతురు బాగుంటోందా, అని. ఎవరింట్లో అని సుడి అడగదు. బాగానే ఉందంటుంది, తల్లి సరే అంటుంది. ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంటి గురించి ఆవిడ నోట వచ్చింది అంతే.

ఫోను నాలుగుసార్లు మోగింది.

"ఏమే, ఇంకా అక్కడే ఉన్నావా? గొడుగు మర్చిపోకుండా తెచ్చుకో." వెనక కొళాయి కింద గిన్నెల చప్పుడు.

"అమ్మా, ఒక మాట అడగాలి. నువ్వు పిన్నికి పోస్టులో ఒక గొట్టం పంపావు చూడు..."

కొళాయి ఆగిపోయింది.

"విప్పిందా?"

"ఇవాళే విప్పాం. నేను విప్పాను."

"ఇవాళ," అంది తల్లి. గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడైంది. "అంటే ఇన్నాళ్ళూ దానికి తెలియదన్నమాట. చూసి కూడా ఊరుకుందనుకున్నాను."

పిన్ని రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మా, ఆ కాగితాల మధ్యలో నువ్వు..."

"ఫోను దానికివ్వు."

పిన్ని చెయ్యి చాచింది. ఫోను సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి ఆవిడకు కనబడలేదు, చెయ్యి పక్కకు పోయింది. సుడి ఆ చేతిని పట్టుకుని ఫోను అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"అక్కా."

"నడిమి గీత చూశావా?"

"కనిపించదక్కా." పిన్ని చిన్నపిల్లలా చెప్పింది. "నాకిప్పుడు నడుమ ఏదీ కనిపించదు. ఉందని సుడి చెబుతోంది. నువ్వు చెప్పు. ఉందా?"

ఫోనులో ఊపిరి వినిపించింది. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, బీరువా తలుపు తెరిచిన చప్పుడు.

"ఉంది. పన్నెండు దగ్గర కుడికి వాలుతుంది. అక్కడే ఉండు, వస్తున్నాను. మూడో కాగితం నా దగ్గరుంది, అది కూడా తెస్తాను."

"మూడోదేంటక్కా?"

అప్పటికే అవతల ఫోను పెట్టేశారు. సుడి అద్దం మీద ఉన్న రెండు కాగితాలనూ, పిన్ని ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. పిన్ని వేళ్ళు బల్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాయి.

"సుడీ," అంది పిన్ని. "దగ్గరి గోడ ఒకటి, దూరపు గోడ ఒకటి, ఆ నక్షత్రానికి నేను యంత్రంతో కట్టించింది రెండు లెక్కలే. మూడోది ఎవరు కట్టారు?"